తిండికీ ఓ ఊరుంటుంది

జబ్బు అనగానే మనకు జ్వరం గుర్తొస్తుంది. ఒళ్ళు కాలిపోవాలి, మనిషి మంచం పట్టాలి, చుట్టాలు సంచిలో బత్తాయిలు వేసుకుని చూడటానికి రావాలి. అప్పుడుగాని దాన్ని జబ్బుగా మనం ఒప్పుకోం. కాని లోకంలో ఇంకో జాతి జబ్బులున్నాయి. అవి తలుపు తట్టి రావు. మనతోపాటే కంచం ముందు కూర్చుంటాయి. మనం తాగే బిందెలోంచే నీళ్ళు ముంచుకుంటాయి. పదేళ్ళో ఇరవయ్యేళ్ళో ఇంటి మనిషిలా తిరిగి, ఒకనాడు ఒకరి నడుము వంచుతాయి, మరొకరి కాలూ చెయ్యీ పడగొడతాయి, ఇంకొకరి గుండె ఆపుతాయి. అప్పటికి వాటి పుట్టుక ఎక్కడో ఎవరికీ జ్ఞాపకం ఉండదు. "రాత" అని సరిపెట్టుకుంటాం.

ఆ రాతను చదవటం నేర్చుకున్న శాస్త్రం ఒకటుంది. దాన్ని గురించీ, దానికీ మన నెల్లూరికీ ఉన్న పాత చుట్టరికాన్ని గురించీ నాలుగు మాటలు చెప్పుకుందామని ఈ వ్యాసం. నేను వైద్యం చదివేదాన్ని కాను. ఇక్కడ బి.యస్సీ. చదువుతున్నాను. మాది మైపాడు తీరానికి దగ్గర్లో వరి పండే ఊరు. ఇంటికి తూర్పుగా రొయ్యల గుంటలు, పడమరగా వరికయ్యలు. నాయనది సేద్యం. కనుక తిండి సంగతి మాకు పుస్తకాల్లో దొరికే విషయం కాదు. విత్తనం మొదలు కంచం దాకా కళ్ళముందు నడిచేదే.

ఆ శాస్త్రాన్ని ఇంగ్లీషులో ఎపిడమియాలజీ అంటారు. పేరు నోరు తిరగదు గాని, పని మాత్రం మన రైతులకు కొత్త కాదు. రెండు కయ్యల్లో ఒకే విత్తనం చల్లాం. ఒకటి పచ్చగా ఉంది, ఇంకోటి ఎర్రబారింది. రైతు ఏం చేస్తాడు? గట్టుమీద నిలబడి ఆలోచిస్తాడు. విత్తనం ఒకటే, నారు పోసిన దినం ఒకటే, ఎరువు ఒకటే. మరి నీళ్ళు? ఇది కాలవ నీరు, అది బోరు నీరు. అదీ సంగతి! ఉన్న పోలికలన్నీ ఒక్కొక్కటే తీసేసి, మిగిలిన తేడాను పట్టుకోవటం. మొక్కల బదులు మనుషుల్నీ, కయ్యల బదులు ఊళ్ళనూ పెట్టండి. తిండికీ, దీర్ఘవ్యాధులకీ ఉన్న సంబంధాన్ని వెదికే శాస్త్రజ్ఞులు చేసేది ఇదే. వాళ్ళు ఒక రోగి నాడి చూడరు. ఊరి నాడి చూస్తారు.

మన దేశంలో ఇలా ఊరి నాడి చూసి పట్టుకున్న పేరుపొందిన జబ్బుల్లో ఒకటి మన జిల్లాలోనే దొరికింది. 1930లలో నెల్లూరు జిల్లా మెట్ట ఊళ్ళలో దుక్కిటెద్దులు కుంటటం రైతులు గమనించారని చెబుతారు. కాడి మెడమీద పెడితే కదలవు. కీళ్ళు బిగుసుకుపోయి కూలబడతాయి. ఎద్దు పోతే సేద్యం పోయినట్టే గదా, కాబట్టి రైతు చూపు ముందు ఎద్దుమీద పడింది. దరిమిలా అదే బిగుసుడు మనుషుల్లోనూ కనిపించింది. మెడ తిప్పలేక పిలిచినవైపు ఒళ్ళంతా తిప్పి చూసేవాళ్ళు, నడుము వంగి నేలచూపులు చూస్తూ నడిచేవాళ్ళు, పళ్ళమీద గోధుమరంగు చారలున్న పిల్లలు. 1937లో హెచ్.ఇ. షార్ట్, సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి ఈ ఊళ్ళను గురించి "ఇండియన్ మెడికల్ గెజిట్"లో రాశారు. కారణం ఊరి బావినీళ్ళలోని ఫ్లోరైడు. దేశంలో ఫ్లోరోసిస్ జబ్బుకు మొదటి చిరునామా అలా మన నెల్లూరయింది. ఆనాటి నెల్లూరు చాలా పెద్ద జిల్లా. కనిగిరి, పొదిలి ప్రాంతాలు కూడా అందులోవే. 1970లో కొత్త ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్ళాయి.

రసాయనశాస్త్రం చదివే మిత్రులకు ఇందులో వింతేమీ ఉండదు. ఎముకలో కాల్షియం ఫాస్ఫేటుతో కలిసి హైడ్రాక్సిల్ ఉంటుంది. నీళ్ళలో వచ్చిన ఫ్లోరైడు ఆ హైడ్రాక్సిల్‌ని పక్కకు నెట్టి తాను కూర్చుంటుంది. కొంచెమైతే పంటికి మేలే. మితిమీరితే పళ్ళు మచ్చలు పడతాయి, ఎముక బరువెక్కి పెళుసవుతుంది, కీళ్ళచుట్టూ నరాల్లాంటి కట్లు సున్నంలా గట్టిపడతాయి. మన దేశ ప్రమాణం ప్రకారం తాగే నీళ్ళలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే దారి లేనిచోట 1.5 దాకా ఒప్పుకుంటారు. ఒక బిందె నీళ్ళలో కంటికి కనపడని చిటికెడు. రుచి లేదు, వాసన లేదు. దాన్ని కనిపెట్టింది నాలుక కాదు, పోలిక. ఈ ఊరివాళ్ళు వంగుతున్నారు, ఆ ఊరివాళ్ళు వంగటంలేదు, ఏమిటి తేడా? అంతే ప్రశ్న.

ఇదేదో మా తాతల నాటి ముచ్చట అనుకోకండి. హాస్టల్లో నా గదిలో ఉండే స్నేహితురాలిది ఉదయగిరి వైపు మెట్ట ఊరు. చదువులో మా అందరికన్నా చురుకు. నవ్వేటప్పుడు మాత్రం చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. గారపళ్ళు. పోయిన ఏడు ఇంటికి పెళ్ళివాళ్ళొచ్చారు. పిల్ల నచ్చిందన్నారు, కట్నం మాటలూ అయినాయి. తరువాత కబురు లేదు. ఎందుకనేది ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. "మా ఊళ్ళో అందరివీ ఇవే పళ్ళు. ఇంటర్మీడియట్‌కి నెల్లూరొచ్చిందాకా పళ్ళు తెల్లగా ఉంటాయనేది నాకు పుస్తకాల్లో బొమ్మ లెక్కే" అని ఒకరోజు తానే నవ్వుతూ చెప్పింది. పంటి పింగాణీ తయారయ్యేది పసితనంలో. అప్పుడు తాగిన నీళ్ళ ముద్ర పెద్దయ్యాక ఎంత తోమినా పోదు. అంటే పదిహేనేళ్ళ కిందట ఎవరో చెయ్యాల్సిన లెక్కకు ఈనాడు ఈ పిల్ల మొహం చాటేస్తోంది.

మాది తీరం. మా వైపు బోరు దించితే సముద్రపు ఉప్పు తగులుతుంది. ఫ్లోరైడు బాధ మెట్టవాళ్ళది. ఒకే జిల్లాలో యాభై అరవై మైళ్ళ తేడాలో రెండు రకాల నీళ్ళు, రెండు రకాల ఒళ్ళు. వాళ్ళింట్లో రాగిసంకటి, జొన్న. మా ఇంట్లో మూడు పూటలా వరి. ఒకే గదిలో రెండు మంచాలమీద పడుకునే మా ఇద్దరి ఎముకలూ రెండు ఊళ్ళ కథలు చెబుతాయి.

అయితే కథ నీళ్ళతో ఆగలేదు. ఒకే బావి నీళ్ళు తాగే ఇద్దరిలో ఒకరు వంగిపోతారు, ఒకరు తిన్నగా నడుస్తారు. ఎందుకని? 1940లో పండిట్, రాఘవాచారి, వాళ్ళ సహచరులు రాసిన మరో పరిశోధనలో నీళ్ళతోపాటు మనుషుల పోషణనూ లెక్కలోకి తీసుకున్నారు. చాలీచాలని తిండి తినేవాళ్ళ ఎముకలమీదనే దెబ్బ గట్టిగా పడుతున్నదన్నది ఈ దారిలో సాగిన పరిశోధనలన్నిటిలోనూ వినిపించే మాట. అంటే బావి అందరిదీ ఒకటే అయినా శిక్ష ఒకటి కాదన్నమాట. పాలూ పెరుగూ ఉన్న ఇంటికి కొంత మినహాయింపు. గంజినీళ్ళ ఇంటికి లేదు.

ఈ ముడిని ఇంకొంచెం విప్పింది నల్లగొండ. ఆ జిల్లా ఊళ్ళలో పెరిగే వయసు కుర్రాళ్ళ మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకుంటూ, పాదాలు ఎడంగా పడుతూ నడవలేకపోవటం హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారి దృష్టికి వచ్చింది. కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో "లాన్సెట్" పత్రికలో ఈ సంగతి ప్రకటించారు. ఫ్లోరైడు అక్కడ పాతకాపే. ఈ కాళ్ళ వంకర మాత్రం కొత్త. మరి కొత్తగా వచ్చిందేమిటి? నాగార్జునసాగర్. 1967లో ఆనకట్ట పూర్తయింది. నీటి ఊటకు చుట్టుపక్కల భూగర్భజలం పైకి లేచింది, నేల గుణం మారింది. ఆ నేలలో పండిన జొన్నలో మాలిబ్డినం అనే లోహం ఎక్కువైందని సంస్థ శాస్త్రజ్ఞులు చూపారు. అది ఒంట్లో చేరితే రాగి ధాతువు మూత్రంలో పోతుంది. రాగి తగ్గితే ఎముక బలం తగ్గుతుంది. 1977లో లక్ష్మయ్య, శ్రీకంటియా మరో మెట్టు ఎక్కారు. కొందరికి జొన్న భోజనం, వరి భోజనం మార్చి మార్చి పెట్టి, లోపలికి పోయిన ఫ్లోరైడెంత, బయటికి వచ్చిందెంత అని కొలిచారు. జొన్న తిన్నప్పుడు ఒంట్లో నిలిచిపోయేది ఎక్కువని తేలింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగమని కోరుతున్నాను. ఈ రోజుల్లో జొన్నలు, రాగులు, కొర్రలు అంటే అందరికీ భక్తి. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరమని కూడా ప్రకటించింది. పట్నంలో మధుమేహం ఉన్న పెద్దమనిషికి జొన్నరొట్టె మందులాంటిదే. అదే జొన్న, ఆ నీళ్ళు తాగే ఆ నల్లగొండ కుర్రాడికి కాళ్ళు వంకర చెయ్యటంలో చెయ్యి వేసింది. జొన్న మంచిదా, చెడ్డదా? ప్రశ్నే తప్పు. ఏ నేలలో పండిన జొన్న? ఏ నీళ్ళతో తిన్న జొన్న? ఎవరు తిన్న జొన్న? అని అడగాలి. మనిషికి ఊరున్నట్టే తిండికీ ఓ ఊరుంటుంది. ఊరడగకుండా తిండికి మంచి చెడ్డలు కట్టటం, కులగోత్రాలు తెలియకుండా తీర్పు చెప్పే పంచాయితీ లాంటిది.

ఇక మా తీరానికి వస్తాను. మాకు వరి అంటే తిండి ఒక్కటే కాదు, పరువు. "నెల్లూరు బియ్యం" అన్న పేరు దూరదేశాల దాకా పాకింది. మొలగొలుకులు పండించిన కాలం గురించి మా అవ్వ ఇప్పటికీ చుట్టాన్ని తలుచుకున్నట్టు తలుచుకుంటుంది. కాని ఈ తెల్లబియ్యానికి ఒక పాత నేరం ఉంది. మర వచ్చాక గింజమీది తవుడుతోపాటు బి-1 విటమిను కూడా ఎగిరిపోయింది. మర ఆడించిన పచ్చి బియ్యం తిన్న ఉత్తర సర్కారు జిల్లాల్లో కాళ్ళు వాచి, గుండె నీరసించే బెరిబెరి తిష్ఠ వేసింది. ఉప్పుడుబియ్యం తినే తమిళసీమకు ఆ బాధ అంతగా లేదు. వడ్లను ఉడికించినప్పుడు ఆ విటమిను గింజ లోపలికి దిగి మరకు దొరకదు. చూశారా, మళ్ళీ పోలికే! ఈనాటి జాతీయ పోషకాహార సంస్థ మూలం కూడా అదే జబ్బు. 1918లో నీలగిరుల్లోని కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ఒక గదిలో మొదలుపెట్టిన బెరిబెరి పరిశోధనే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది.

బెరిబెరి పోయింది. గింజ మాత్రం ఇంకా తెల్లబడింది. ఇప్పుడు దానిమీద వచ్చిన అభియోగం మధుమేహం. 21 దేశాల్లో 1,32,373 మందిని సగటున తొమ్మిదిన్నరేళ్ళు వెంబడించిన ఒక పరిశోధన 2020లో అచ్చయింది. రోజుకు 450 గ్రాములో, అంతకన్నా ఎక్కువో తెల్లన్నం తినేవాళ్ళను, 150 గ్రాములలోపు తినేవాళ్ళతో పోల్చారు. అన్ని దేశాలూ కలిపి చూస్తే ఎక్కువ తినేవాళ్ళలో మధుమేహం వచ్చే అవకాశం 20 శాతం అధికం. మన దక్షిణాసియా ఒక్కదాన్నే విడదీస్తే 61 శాతం! చైనాలోనూ అన్నమే తింటారు గదా, అక్కడ మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మళ్ళీ అదే పాఠం. అన్నం ఒకటే, ఊరు వేరు.

450 గ్రాములంటే వండిన అన్నం, సుమారు మూడు గిన్నెలు. మా ఇంట్లో ఐదుగురం. అమ్మ రోజుకు రెండు కిలోల బియ్యం వండుతుంది. తలకు 400 గ్రాముల బియ్యం. అన్నమయ్యేసరికి కిలో దాకా తూగుతుంది. ఈ లెక్క చెబితే అమ్మ నవ్వింది. "అన్నం దగ్గర లెక్కలేందమ్మే? పెట్టేచేత్తో తూచకూడదు" అంది. ఆ మాటలో ఎంతో ప్రేమ ఉంది. చల్దన్నం తిని కయ్యలోకి దిగి పొద్దుగూకిందాకా నాట్లేసిన మనిషికి ఆ ప్రేమ సరిపోయింది కూడా. ఇప్పుడు దమ్ము ట్రాక్టరు చేస్తుంది, కోత మిషను కోస్తుంది, కయ్య దాకా నాయన మోటారుసైకిలు మీద పోతాడు. "మా తాతలు ఇదే తిని నూరేళ్ళు బతికారు" అనే మాట ప్రతి ఊళ్ళోనూ వింటాం. తాతల తిండి మిగిలింది గాని తాతల చెమట మిగల్లేదు. ఊరు మారిపోయింది, కంచం మాత్రం పాత ఊళ్ళోనే ఉండిపోయింది.

అసలు తాతలు నూరేళ్ళు బతికారా? మా తాత యాభై ఎనిమిదో ఏట పోయాడు. గట్టుమీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగాడు. "గాలి తగిలింది" అన్నారు, "దిష్టి" అన్నారు. ఆస్పత్రి ముఖం చూడలేదు, కాగితం మీద కారణం ఎక్కలేదు. ఇలాంటి చావులు ఎన్ని? వాటిని లెక్కపెట్టినవాళ్ళున్నారు. ఉభయ గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల్లో, 1,80,162 మంది జనంలో ఒక ఏడాది పాటు జరిగిన మరణాలను "ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్" వారు 2003-04 ప్రాంతంలో నమోదు చేశారు. 1,354 మరణాలు. చనిపోయినవారి ఇంటికి వెళ్ళి, నొప్పి ఎక్కడ మొదలైంది, ఆయాసం వచ్చిందా, మాట పడిపోయిందా అని ఓపిగ్గా అడిగి కారణం తేల్చారు. మొత్తంలో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులు. అంటురోగాలు 12 శాతమే. పల్లెటూరివాడికి గుండెజబ్బేమిటి, అది కూర్చుని తినే షావుకారు జబ్బు గదా అనుకునే కాలం పోయిందని 2006లో అచ్చయిన ఆ వ్యాసం చెప్పింది. అది చదివిన రాత్రి, ఆ ప్రశ్నలన్నీ మా అవ్వను అడిగాను. ఎడమచెయ్యి లాగుతోందని అంతకు రెండు రోజుల ముందు తాత అన్నాడట. ఇన్నేళ్ళకు ఎవరో ఒకరు అడిగినందుకు అవ్వ కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడు నా దిగులు నాయన గురించి. ఊళ్ళో వైద్యశిబిరం పెట్టినప్పుడు రక్తపోటు 160/100 అన్నారు. మాత్రలిచ్చారు. నాలుగు రోజులు వేసుకుని మానేశాడు. "నొప్పి లేంది మాత్రెందుకు?" అని. నొప్పి లేకపోవటమే ఆ జబ్బు మాయ. తీరంలో ఉప్పుకు కరువేముంది? కల్లుప్పు, ఆవకాయ, ఊరమిరపకాయలు, ఎండు నెత్తళ్ళు. పులుసులో ఉప్పు, పైన నంజుడుకు మళ్ళీ ఉప్పుచేప. సెలవుల్లో మా వంటింటి లెక్క కట్టాను. నెలకు రెండు కిలోల ఉప్పు. ఐదుగురికి, ముప్పై రోజులకు పంచితే తలకు రోజుకు 13 గ్రాములు. ఇందులో పచ్చళ్ళ ఉప్పు లేదు. కడిగిందీ పారబోసిందీ తీసేసినా పదికి తక్కువ తేలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన పోషకాహార సంస్థ చెప్పేది రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా.

ఈ మాట అంటే నాయన ఊరుకుంటాడా? "ఏందమ్మే, ఉప్పు లేకుండా తినేదానికి నేనేమన్నా గొడ్డునా? గొడ్డుకు గూడా కుడితిలో ఉప్పేస్తుండామే! ఎండలో చెమట పట్టినోడికి ఉప్పు కావాలని మీ సైన్సులో లేదా?" అన్నాడు. ఉంది. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. అందుకే పరిశోధకులు ఒక ఊరిని చూసి ఊరుకోరు. 1988లో ప్రకటించిన "ఇంటర్‌సాల్ట్" పరిశోధనలో 32 దేశాల్లో 52 చోట్ల 10,079 మంది మూత్రాన్ని ఇరవైనాలుగు గంటలు పట్టి అందులో సోడియం కొలిచారు. ఉప్పు పెరిగినచోట, వయసుతోపాటు రక్తపోటు ఎక్కే వేగమూ పెరుగుతుందని గమనించారు. సరే, అది పోలిక మాత్రమే. తగ్గిస్తే నిజంగా మేలు జరుగుతుందా? దానికి చైనా పల్లెలు జవాబిచ్చాయి. 600 గ్రామాల్లో 20,995 మంది. సగం ఊళ్ళకు మామూలు ఉప్పు. సగం ఊళ్ళకు నాలుగోవంతు పొటాషియం క్లోరైడు కలిపిన ఉప్పు. వంట మార్చలేదు, రుచి చంపలేదు. దాదాపు ఐదేళ్ళు గడిచాక 2021లో ఫలితం చెప్పారు: ఉప్పు మార్చిన ఊళ్ళలో పక్షవాతం 14 శాతం తగ్గింది. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు మాత్రం వైద్యుణ్ణి అడక్కుండా ఆ ఉప్పు జోలికి పోకూడదు. ఇక్కడా ఊరడగాలి, మనిషినడగాలి!

ఇదంతా చదివి, "అయితే అన్నం మానెయ్యమంటావా, ఆవకాయ జాడీ పగలగొట్టమంటావా?" అని మిత్రులు అడగవచ్చు. అలాంటి సలహాలు ఇవాళ చేతిలోని ఫోను నిండా దొరుకుతున్నాయి. పొద్దున ఒకరు నెయ్యి విషమంటారు, సాయంత్రం ఇంకొకరు అమృతమంటారు. వాళ్ళకు ఊరు లేదు, లెక్క లేదు. తిండి మనిషిని పట్టి ఉంచే బంధం. దాన్ని బెదిరించి మార్చలేం. మా ఇంట్లో మారింది ఇంతే: రాత్రిపూట అన్నం ఒక గరిటె తగ్గి ఆకుకూర పప్పు ఒక గరిటె పెరిగింది. ఉప్పుచేప ఉన్ననాడు పచ్చడి జాడీ కిందికి దిగదు. అదీ నాయన చేసిన ఒప్పందమే, నేను పెట్టిన షరతు కాదు. మాత్ర సంగతి మాత్రం ఇంకా తేలలేదు. ప్రతి ఆదివారం ఫోనులో అదే గొడవ.

మన తిండిలో చెడే ఉందనుకోవటం కూడా పొరపాటే. జాతీయ పోషకాహార సంస్థవారు 2002లో ప్రచురించిన ఒక చిన్న పరిశోధన నాకెంతో ఇష్టం. ఇరవైమంది బడిపిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు చొప్పున 18 రోజులు ఇచ్చి చూస్తే, మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోయింది. చేపల పులుసుకు ప్రాణం పోసే మన చింతపండే! ఇది ఫ్లోరోసిస్‌కు మందని వాళ్ళు అనలేదు, నేనూ అనను. మంచినీళ్ళు తెచ్చి ఇవ్వటమే దానికి మందు. కాని మన వంటింటి పోపులపెట్టెలోని వస్తువును తీసుకుని, పొగడకుండా, తిట్టకుండా, కొలిచి చూశారు. ఆ వినయం నాకు నచ్చింది.

మిత్రులారా, మన కళాశాలలో తీరం పిల్లలున్నారు, మెట్ట పిల్లలున్నారు. రొయ్యల గుంటల ఊళ్ళవాళ్ళు, ఉప్పు మడుల ఊళ్ళవాళ్ళు, నిమ్మతోటల ఊళ్ళవాళ్ళు ఉన్నారు. ఇన్ని ఊళ్ళు ఒకే కప్పు కింద దొరకటం పరిశోధకుడికి వరం. రసాయనశాస్త్ర ప్రయోగశాలలో ఫ్లోరైడు కొలవటం మూడో సంవత్సరం విద్యార్థికి అసాధ్యమేమీ కాదు. సంక్రాంతికి ఇంటికెళ్ళే ప్రతివాళ్ళం ఒక సీసాడు నీళ్ళు తెద్దాం. ఊరి పేరు, బోరు లోతు రాద్దాం. నెలకు ఇంట్లో ఎంత ఉప్పు, ఎంత నూనె, ఎంత బియ్యం, తినేవాళ్ళెంతమంది అని నాలుగు గీతల పుస్తకం పెడదాం. పెద్దవాళ్ళ రక్తపోటు చూపించి ఆ అంకె పక్కన రాద్దాం. ఎవరి పేరూ బయట పెట్టకుండా, ఎవరినీ తప్పు పట్టకుండా. మా అధ్యాపకులు పెద్దమనసు చేసుకుని దారి చూపితే, వచ్చే సంచికలో ఇలాంటి వ్యాసం బదులు ఒక పట్టిక అచ్చు వేసుకోవచ్చు. అది ఈ వ్యాసం కన్నా విలువైనది.

చికిత్స వైద్యుడి పని. వైద్యుడి దాకా పోకుండా చూడటం ఊరంతటి పని. దానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఎద్దు ఎందుకు కుంటుతోందని అడిగిన రైతు చేతిలో కాగితం లేదు, కలం లేదు. పక్క ఊరి ఎద్దు కుంటటంలేదన్న ఒక్క పోలిక ఉంది. మన చేతిలో కాగితమూ కలమూ రెండూ ఉన్నాయి. మా గదిలోని పిల్లకు చెల్లెలొకతె ఉంది, ఇంకా పాలపళ్ళు ఊడని వయసు. ఆ పిల్లకు పదహారేళ్ళొచ్చేసరికి నోటికి కొంగు అడ్డం పెట్టుకోకుండా నవ్వాలంటే, ఆ ఊరి బావిలో నీళ్ళు ఈ ఏడే కొలవాలి.